నడుస్తున్న కెర్నల్‌లో ఏజెంటుకు చోటు

చెప్పిన పనికి తామే కోడ్ రాసి నడిపే ఏఐ ప్రోగ్రాముల, అంటే కోడింగ్ ఏజెంట్ల ప్రస్తావన వస్తే, వాటి లోపల ఉండే ఏ మోడల్ ఎక్కువ తెలివైనది, ఏది ఏ పరీక్షలో నెగ్గింది అన్న దగ్గరే మాటలు తిరుగుతుంటాయి. నా పనిలో మాత్రం మోడల్ మార్చినప్పుడు కనిపించిన తేడా కొద్దిపాటిది. అదే మోడల్‌కు ఒక నడుస్తున్న పైథాన్ సెషన్ అప్పగించి, రోజంతా అందులోనే ఉండనిచ్చినప్పుడు వచ్చిన తేడా చాలా పెద్దది. డేటాను అది అడిగే ప్రశ్నలు చిన్నవయ్యాయి. వినడానికి ఇదేమంత గొప్ప సంగతి కాదనిపిస్తుంది కానీ, డేటాతో పని చేసేవాళ్లకు ఇంతకంటే విలువైన మార్పు ఇంకొకటి ఉండదని నా నమ్మకం.

ముందు నా పని చెప్పాలి. హైదరాబాదులో ఒక చిన్న కార్యాలయంలో గోదావరి పరీవాహక ప్రాంతపు వర్షపాతం లెక్కలు చూస్తాను. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి పరిధిలో ఎంత వాన పడినప్పుడు భద్రాచలం దగ్గర గోదావరి ఎప్పటికి, ఎంత మేరకు పెరిగిందో పాత రికార్డుల్లోంచి తీయడం అందులో ఒక భాగం. భద్రాచలంలో నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో అక్కడ 75.6 అడుగులు నమోదైంది. 2022 జూలై 16న 71.3 అడుగులకు వచ్చింది. ఈ అంకెలు ఆ ఒడ్డున ఉండేవాళ్లకు కంఠతా వచ్చు. వాటి వెనక ఏ రోజు ఎక్కడెక్కడ ఎంత వాన కురిసిందన్నది మాత్రం డేటాలోంచి తవ్వి తీయాల్సిందే.

ఆ డేటాను భారత వాతావరణ శాఖ పుణె కార్యాలయం ఉచితంగా ఇస్తుంది. దేశాన్ని పావు డిగ్రీ గళ్లుగా విడదీసి, 1901 నుంచి ప్రతి రోజుకూ ఒక్కో గడిలో ఎన్ని మిల్లీమీటర్ల వాన పడిందో లెక్కగట్టి పెట్టారు. తూర్పు పడమరలుగా 135 గళ్లు, ఉత్తర దక్షిణాలుగా 129, మొత్తం 17,415. ఒక్కో విలువకు నాలుగు బైట్లు. ఏడాదికొక బైనరీ ఫైలు, ఒక్కోటి సుమారు 25 మెగాబైట్లు. అన్ని సంవత్సరాలనూ కలిపి మెమరీలోకి తెస్తే మూడు గిగాబైట్లు దాటుతుంది. ఆ తరువాత ఏ గడి ఏ ఉపనది పరిధిలోకి వస్తుందో సరిహద్దులతో పోల్చి గుర్తించాలి. నా ల్యాప్‌టాప్‌లో ఇదంతా రెప్పపాటులో అయ్యే పని కాదు.

మామూలుగా కోడింగ్ ఏజెంటు పనిచేసే పద్ధతి ఎలా ఉంటుందంటే, కోడ్‌ను ఒక ఫైలులో రాస్తుంది, షెల్‌లో, అంటే ఆదేశాలు టైపు చేసే కిటికీలో నడుపుతుంది, అవుట్‌పుట్ చదువుతుంది, ఫైలు సరిదిద్ది మళ్లీ నడుపుతుంది. నడిపిన ప్రతిసారీ కొత్త ప్రాసెస్. అది ముగియగానే లోపలికి తెచ్చిన మూడు గిగాబైట్లూ పోతాయి, కట్టిన పట్టికలూ పోతాయి. వెబ్‌సైటుకు ఒక పేజీ కలపడం లాంటి పనుల్లో ఈ పద్ధతితో చిక్కేమీ లేదు. డేటా దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి మారుతుంది. ఒక్క ప్రశ్నకు నిమిషాల తరబడి వేచి ఉండాల్సి వస్తే ఎవరైనా ఏం చేస్తారు? పది ప్రశ్నలు గుదిగుచ్చి ఒకేసారి అడుగుతారు. ఏజెంటూ అదే చేసేది. నేను అడిగింది ఒక్క ఏడాది జూలై సగటు అయినా, అది పొడవాటి స్క్రిప్టు రాసేది. డేటా లేని చోట ఫలానా గుర్తు ఉంటుందని ఒక ఊహ, వరుసలు ఉత్తరం నుంచి మొదలవుతాయని ఒక ఊహ, తేదీలు ఫలానా రూపంలో ఉంటాయని ఇంకో ఊహ. ఊహలన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి, చివర ఒక అంకె అచ్చువేసేది. ఆ అంకె తప్పని తేలితే అందులో ఏ ఊహ చెడిందో వెతకడానికి మళ్లీ అంత పొడవు స్క్రిప్టే.

దీన్ని మోడల్ బుద్ధిలోని లోపంగా నేను చూడను. చూసి తెలుసుకోవడం ఖరీదైనప్పుడు ఊహించడం చవక అవుతుంది. చూడడాన్ని చవక చేస్తే ఊహించాల్సిన అవసరమే ఉండదు.

అందుకే ఇప్పుడు పొద్దున్నే ఒక జూపిటర్ కెర్నల్ మొదలుపెడతాను. పంపిన కోడ్‌ను నడిపి, డేటానూ ఫలితాలనూ మెమరీలో పట్టి ఉంచే ప్రోగ్రామే కెర్నల్. ఏజెంటుకు ఒకే ఒక చిన్న పరికరం ఇచ్చాను. కోడ్ ముక్క పంపితే ఆ కెర్నల్‌లో నడిచి, వచ్చిన అవుట్‌పుట్ తిరిగి చేతికిస్తుంది. కెర్నల్ సాయంత్రం దాకా అలాగే ఉంటుంది. డేటా ఒక్కసారి లోపలికి వస్తే చాలు.

మొదటిసారి ఇలా కూర్చోబెట్టినప్పుడు ఏజెంటు వేసిన ప్రశ్నల వరుసను లాగ్‌లో దాచుకున్నాను, ఇప్పటికీ ఇష్టంగా చదువుతుంటాను. ముందు ఫైళ్ల పరిమాణం చూసింది. మామూలు సంవత్సరానికి సరిగ్గా 2,54,25,900 బైట్లు ఉండాలి, లీపు సంవత్సరానికి 2,54,95,560. అన్ని ఫైళ్లూ ఈ రెండింటిలో ఏదో ఒకటిగా ఉన్నాయా, లీపు సంవత్సరాల వరుస సరిపోయిందా అని ఒక్క లైనులో తేల్చుకుంది. తరువాత మొత్తం డేటాలో కనిష్ఠ విలువ ఎంత అని అడిగింది. -999 వచ్చింది. వాన రుణసంఖ్య కాదు గనుక అది డేటా లేదని చెప్పే గుర్తు అని తెలిసిపోయింది. ఆ గుర్తు ఎక్కడెక్కడ ఉందని అడిగింది. దాని తరువాతి ప్రశ్న నన్ను నిజంగా సంతోషపెట్టింది: బంగాళాఖాతం నడిమధ్య, 17.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 88.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గరి గడి తీసి, అక్కడ అన్ని రోజులూ -999 ఉందా అని చూసింది. ఆ డేటా భూభాగానికే గనుక సముద్రం మీద విలువ ఉండకూడదు. వరుసలు దక్షిణం నుంచి మొదలవుతాయా, ఉత్తరం నుంచా అన్న సందేహానికి ఇంత చిన్న పరీక్షతో జవాబు దొరుకుతుందని ఎందరికి తడుతుంది? తలకిందులుగా చదివి ఉంటే ఆ గడి సముద్రం వదిలి ఈశాన్యాన ఎక్కడో నేల మీద పడేది, వాన విలువలు కనిపించేవి. 6.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర మొదలై పైకి వెళ్తుందని అలా ఖాయమైంది. ఒక్కో ప్రశ్నా ఒక లైను, జవాబూ ఒక లైను. ఇదే మోడల్ అంతకుముందు ఇదే డేటా మీద పొడవాటి స్క్రిప్టులు రాసింది.

ఎర్రర్ వచ్చినప్పుడు కూడా ఇదే సుఖం. స్క్రిప్టులో ఎర్రర్ వస్తే ప్రాసెస్ చచ్చిపోతుంది, మిగిలేది ఎర్రర్ ఎక్కడ వచ్చిందో చెప్పే ట్రేస్‌బ్యాక్ అక్షరాలే. సెషన్‌లో అయితే డేటా చెక్కుచెదరదు. పైగా ఎర్రర్ తలెత్తిన ఫంక్షన్ లోపలి వేరియబుళ్లు ఆ ట్రేస్‌బ్యాక్ వస్తువులో ఇంకా పట్టి ఉంటాయి, పైథాన్ వాటిని సిస్ అనే తన సొంత మాడ్యూల్‌లో దాచి ఉంచుతుంది. ఏజెంటు అక్కడికి వెళ్లి, ఆ క్షణానికి ఆ పట్టికకు ఎన్ని వరుసలున్నాయో చూసి వస్తుంది. ఎర్రర్ ఎందుకు వచ్చి ఉంటుందో అనుమానించే బదులు నేరుగా చూసి చెబుతుంది.

మా కార్యాలయానికి నీటిపారుదల శాఖలో పదవీ విరమణ చేసిన ఒక ఇంజినీరు గారు సలహాదారుగా వస్తుంటారు. ఆయనకు కోడ్‌తో పరిచయం లేదు, నదితో ఉంది. ఇదివరకు ఆయన ఏదైనా అడిగితే రాసుకుని, మరుసటిసారి వచ్చేసరికి జవాబు సిద్ధం చేసేదాన్ని. ఇప్పుడు ఆయన కుర్చీలో ఉండగానే మాట్లాడుకుంటాం.

"1986 ఆగస్టు రెండో వారం తీయమ్మా. రోజుకో పటం వెయ్యి" అన్నారు ఒకసారి. డేటా ఎలాగూ మెమరీలోనే ఉంది, పటాలు వెంటనే వచ్చాయి. కాసేపు చూశారు. "ఈ తేదీలు ఎనిమిదిన్నర లెక్కవేనా?" అని అడిగారు.

"అవును సార్. ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసే ఇరవై నాలుగు గంటల వాన."

"మరి నది కొలత గంట గంటకూ ఉంటుంది కదా. రెండింటినీ తేదీ చూసి జతచేస్తే ఎలా?"

ఆయన పట్టుకున్నది అసలైన కీలకం. పదమూడో తేదీ మధ్యాహ్నం కురిసిన వాన డేటాలో పద్నాలుగో తేదీ కింద ఉంటుంది. వాన ఎప్పుడు పడింది, నది ఎప్పుడు పొంగింది అన్న వ్యవధిని రోజుల్లో కొలుస్తున్నప్పుడు ఒక రోజు అటూ ఇటూ అయితే ఫలితమే మారిపోతుంది. అదే ప్రశ్నను ఏజెంటుకు పెట్టాను. నీటిమట్టాల పట్టికను ఎనిమిదిన్నర నుంచి ఎనిమిదిన్నరకు రోజుగా మార్చి కొత్తగా ఒక పట్టిక కట్టింది, పాతదాన్నీ పక్కనే ఉంచింది, రెండు విధాలుగానూ వ్యవధి లెక్కించి చూపింది. ఇంజినీరు గారు అక్కడే కూర్చుని చూశారు, ఇంకో ప్రశ్న వేశారు. ఆయన ఆలోచన తెగకుండా సాగడం ఆ పూట నాకు దక్కిన గొప్ప లాభం. ఎదురుచూడాల్సి వస్తే మనిషి కూడా ప్రశ్నలు వేయడం మానేస్తాడు.

అదే పూట ఆయన, "అప్పట్లో ఆ అడవుల్లో వానమాపకాలు ఎన్ని ఉండేవమ్మా?" అని కూడా అడిగారు. దీనికి సెషన్‌లో జవాబు లేదు. ఈ గళ్ల డేటా తయారీకి దేశవ్యాప్తంగా 6,955 కేంద్రాల రికార్డులు వాడారు, అయితే అన్ని కేంద్రాలూ అన్ని ఏళ్లలో పనిచేయలేదు. మాపకం లేని చోట పక్క కేంద్రాల నుంచి లెక్కగట్టిన విలువే గడిలో ఉంటుంది. ఏజెంటు చేతిలో ఉన్న అంకెకు మాత్రం ఆ తేడా తెలియదు, అన్ని గళ్లూ ఒకేలా కనిపిస్తాయి. లైవ్ సెషన్ డేటాను చూపిస్తుంది, ఆ డేటా ఎలా పుట్టిందో చూపించదు. అందుకు ఆయనలాంటివాళ్లు పక్కనుండాలి.

నడుస్తున్న ప్రోగ్రామ్‌తో మాట్లాడడం కొత్త ఊహేమీ కాదు. 1958లో జాన్ మెకార్తీ ఎం.ఐ.టి.లో మొదలుపెట్టిన లిస్ప్ భాష చుట్టూ ఈ అలవాటు పెరిగింది. ఒక మాట చదువుకో, దాన్ని లెక్కించు, ఫలితం చూపించు, మళ్లీ చదువుకో. ఆ సంప్రదాయంలో నాకు ఎప్పటికీ ఒళ్లు పులకరించే ఘట్టం డీప్ స్పేస్ 1 వ్యోమనౌకది. నాసా దాన్ని 1998 అక్టోబరులో ప్రయోగించింది. 1999 మేలో రిమోట్ ఏజెంట్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఆ నౌక పగ్గాలు అప్పగించి చూశారు. భూమి నుంచి ఒక్కొక్క ఆదేశం పంపే పని లేకుండా, లక్ష్యాలు చెబితే ఏం చేయాలో అదే ఆలోచించుకునే ప్రోగ్రామ్ అది. రాసింది లిస్ప్‌లో. ప్రయోగం మధ్యలో అది ఒకచోట కదలకుండా ఆగిపోయింది. ఒకేసారి నడుస్తున్న రెండు భాగాలు, ఒకదాని కోసం ఒకటి ఎదురుచూస్తూ నిలిచిపోయాయి. ఎగరకముందు అందులో ఒక భాగాన్ని స్పిన్ అనే పరిశీలన సాధనంతో గణితపరంగా తనిఖీ చేశారు, అప్పుడు ఇలాంటి దోషాలే దొరికాయి కూడా. అంతరిక్షంలో బయటపడ్డ దోషం తనిఖీ చేయని భాగంలో ఉంది. నౌకలో నడుస్తున్న లిస్ప్‌తో నేరుగా మాట్లాడే వీలుండడం వల్ల, కోట్ల కిలోమీటర్ల దూరం నుంచి ఆ ఆగిపోయిన ప్రోగ్రామ్ లోపలి స్థితిని ఇంజినీర్లు చూడగలిగారు, కారణం పట్టుకోగలిగారు. ప్రయోగం తన లక్ష్యాలను పూర్తిచేసింది.

ఎరిక్సన్ సంస్థలో 1980ల చివర్లో పుట్టిన ఎర్లాంగ్‌లోనూ ఇదే గుణం ఉంది. టెలిఫోను ఎక్స్ఛేంజీ ఆగకూడదు గనుక, నడుస్తున్న వ్యవస్థకే షెల్ తగిలించి చూడడం, కోడ్ మార్చడం ఆ భాషలో మొదటి నుంచీ భాగం. ఇన్నేళ్లూ ఈ సౌకర్యం వాడుకున్నది మనుషులు. ఇప్పుడు ఆ కుర్చీలో ఏజెంటును కూర్చోబెడుతున్నాం, అంతే.

ఇక ఎలా కట్టాలన్నది. చాలామంది మొదట, టెర్మినల్‌ను వెనకాల తెరిచి ఉంచే టీమక్స్‌తో ప్రయత్నిస్తారు. టైపు చేసిన పైథాన్‌ను అప్పటికప్పుడు నడిపే ఐపైథాన్‌ను టీమక్స్ లోపల తెరిచి, ఏజెంటు చేత అందులోకి అక్షరాలు పంపించి, తెర మీద ఉన్నది చదివించడం. ఏ భాషకైనా, ఏ డీబగ్గర్‌కైనా పనికొస్తుంది గనుక అది మంచి మొదలే. కానీ పంపిన పని ముగిసిందా లేదా అన్నది తెర చూసి ఊహించాల్సి వస్తుంది. పొడవాటి ఫంక్షన్ పంపితే ఐపైథాన్ తనంతట తాను ఖాళీలు చేర్చి వరుసలను చెడగొడుతుంది. అవుట్‌పుట్ తెర దాటి పైకి పోతే సగమే కనిపిస్తుంది. జూపిటర్ కెర్నల్‌కు ఈ బాధలు లేవు. అది మొదటి నుంచీ వేరే ప్రాసెస్‌గా ఉండి, సందేశాలతో మాట్లాడేలా కట్టినది. పని మొదలైతే 'బిజీ' అని, ముగిస్తే 'ఐడిల్' అని స్వయంగా చెబుతుంది. ఫలితం వేరు, అచ్చు వేరు, ఎర్రర్ వేరుగా వస్తాయి. ఇలాంటి పరికరాన్ని ఏజెంటుకు తగిలించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో విడుదల చేసిన ఎం.సి.పి. అనే ప్రమాణం ఉంది. షెల్ నుంచి పిలిచే చిన్న స్క్రిప్టయినా సరిపోతుంది.

కెర్నల్‌లో నాకు అన్నిటికంటే నచ్చేది, ఒకే కెర్నల్‌కు ఒకేసారి ఇద్దరు తగులుకోవచ్చు. ఏజెంటు పని చేస్తున్న కెర్నల్‌కే నేనూ ఇంకో టెర్మినల్ నుంచి కన్సోల్ తెరిచి కూర్చుంటాను. ఇతరుల అవుట్‌పుట్ కూడా చూపించమని కన్సోల్‌కు ఒక అమరిక ఉంది, అది పెట్టుకుంటే ఏజెంటు నడిపే ప్రతి లైనూ నా కళ్ల ముందే వెళ్తుంది. అది కట్టిన పట్టికను నేను తెరిచి చూడవచ్చు. ప్రాణహిత సరిహద్దును నేను చేత్తో సరిచేసి అదే పేరుతో పెడితే, తరువాతి ప్రశ్నకు అది వాడుకుంటుంది. ఏజెంటు నాకు ఏం చేశానని చెబుతోందో, నిజంగా ఏం చేసిందో పక్కపక్కనే కనిపిస్తాయి. కోడ్ చదివి సమీక్షించడం కంటే ఇలా పక్కన కూర్చుని చూడడంలోనే దాని మీద నాకు నమ్మకం కుదిరింది.

ఒక హద్దు మాత్రం మొదటే పెట్టాను: ఒక్క జవాబులో కొన్ని పదుల లైన్లకు మించి వెనక్కి రాకూడదు. లేకపోతే ఏజెంటు పొరపాటున ఒక పెద్ద పట్టిక అచ్చువేస్తే దాని జ్ఞాపకంలో సగం అంకెలతోనే నిండిపోతుంది. మిగతాది కత్తిరించి, ఎన్ని లైన్లు కత్తిరించామో చెబితే అదే తెలివిగా ఇంకా చిన్న ప్రశ్న వేస్తుంది.

ఇంతవరకూ చెప్పినదాన్ని బట్టి అంతా లాభమే అనుకోకండి. ఎక్కువసేపు బతికే సెషన్‌కు ఒక పాత జబ్బు ఉంది. గంటల క్రితం కట్టిన వేరియబుల్ ఇంకా ఉంటుంది, దాన్ని కట్టిన కోడ్ ఈలోగా మారిపోతుంది. తెర మీద ఉన్న కోడ్‌కూ మెమరీలో ఉన్న విలువకూ సంబంధం తెగిపోతుంది. కోడ్, దాని ఫలితం ఒకేచోట ఉండే జూపిటర్ నోట్‌బుక్కులు వాడేవాళ్లందరికీ ఇది తెలుసు. 2019లో పిమెంటెల్, మరో ముగ్గురు పరిశోధకులు కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులోని సుమారు 14 లక్షల జూపిటర్ నోట్‌బుక్కులు సేకరించి, నడిపిన వరుసక్రమం స్పష్టంగా ఉన్నవాటిని మళ్లీ నడిపి చూశారు. ఎర్రర్ లేకుండా పూర్తయినవి దాదాపు 24 శాతం. పాత ఫలితమే తిరిగి వచ్చినవి 4 శాతం.

ఏజెంటు చేరితే ఈ జబ్బు కొత్త రూపం తీసుకుంటుంది, దీని గురించి తగినంతగా మాట్లాడుకోవడం లేదని నా అభిప్రాయం. ఇక్కడ జ్ఞాపకాలు రెండు. ఒకటి కెర్నల్ మెమరీ, రెండోది ఏజెంటు సంభాషణ. సంభాషణ పొడవు పెరిగితే పాత భాగాన్ని కుదించి సారాంశంగా మారుస్తారు. అప్పుడు కెర్నల్‌లో ఉన్న పట్టిక పేరు ఏజెంటుకు గుర్తుంటుంది, అందులోంచి ఏయే సంవత్సరాలు వడపోశామో గుర్తుండదు. తిరగేసి కూడా జరుగుతుంది. మెమరీ చాలక కెర్నల్ కూలిపోయి మళ్లీ మొదలైనా, ఏజెంటు మాత్రం పట్టికలన్నీ ఉన్నాయనే ధీమాతో మాట్లాడుతుంది. ఇందులో రెండోది పరవాలేదు, వెంటనే ఎర్రర్ వచ్చి తెలిసిపోతుంది. మొదటిది ప్రమాదం. తప్పు డేటా మీద చక్కటి లెక్క వేసి, నమ్మకంగా అంకె చెబుతుంది.

అందుకని ఏజెంటు చదివే సూచనల ఫైలులో దీనికే ఎక్కువ చోటు ఇచ్చాను. విరామం తరువాత ఏ పనికైనా ముందు కెర్నల్‌లో ఏయే పేర్లున్నాయో, వాటి పరిమాణాలేమిటో అడిగి తీరాలి. వడపోసిన పట్టికకు వడపోత తెలిసేలా పేరు పెట్టాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకే ఉన్నదాన్ని మొత్తం వాన అని పిలవకూడదు. పనికొచ్చిందని తేలిన ప్రతి లెక్కనూ వెంటనే ఒక మాడ్యూల్ ఫైలులోకి ఫంక్షన్‌గా మార్చాలి, సెషన్ దాన్ని అక్కడి నుంచే తెచ్చుకోవాలి. నివేదికలోకి వెళ్లే ఏ అంకె అయినా కొత్త కెర్నల్‌లో, ఆ ఫైలు ఒక్కటే నడిపి, మళ్లీ రావాలి. ఎంత సమయం పట్టినా సరే. చివరి షరతులో నేను ఎవరికీ మినహాయింపు ఇవ్వను. వరద గురించిన అంకె ఎవరి ఊరు ఖాళీ చేయించాలన్న నిర్ణయం దాకా వెళ్లవచ్చు. సెషన్‌లో వచ్చింది అన్నది దానికి ఆధారం కాదు.

మాడ్యూల్ మారినప్పుడు తనంతట తాను మళ్లీ చదువుకునే సౌకర్యం ఐపైథాన్‌లో ఉంది, వాడతాం. అయితే క్లాస్ నిర్వచనం మారితే పాత వస్తువులు పాత క్లాసునే పట్టుకుని ఉండిపోవచ్చు. అందుకే మా మాడ్యూళ్లలో క్లాసులు దాదాపు ఉండవు. మామూలు ఫంక్షన్లు, మామూలు పట్టికలు. ఏజెంటు కోసం చేసిన ఈ సరళత మాకూ మంచే చేసింది.

మెమరీ సంగతి ఒక్క మాట. మూడు గిగాబైట్ల డేటాను ఎవరైనా ఒక్కో విలువకు 64 బిట్లు, అంటే ఎనిమిది బైట్లు చొప్పున మారిస్తే ఆరు దాటుతుంది. ఐపైథాన్ పాత ఫలితాలను కూడా ఒక జాబితాలో దాచుకుంటుంది గనుక, పేరు తొలగించినా అసలు డేటా కదలదు. ఆ జాబితా దాచడాన్ని ఆపేసి మొదలుపెట్టడం మేలు.

భద్రత విషయంలో నాది కచ్చితమైన అభిప్రాయం. కెర్నల్ అప్పగించడమంటే అందులో ఏ పైథాన్ అయినా నడిపే అధికారం అప్పగించడమే. ఫైలు చెరపగలదు, నెట్‌లోకి వెళ్లగలదు. ఫలానా ఆదేశాలు వద్దని జాబితా పెట్టడం వల్ల ప్రయోజనం లేదు, పైథాన్‌లో ఒకే పనికి వంద దారులుంటాయి. కాబట్టి కెర్నల్‌ను కంటైనర్‌లో, అంటే మిగతా కంప్యూటరు నుంచి వేరుచేసిన ఒక గదిలాంటి దానిలో పెట్టాను. వాన డేటా అందులోకి చదవడానికి మాత్రమే కనిపిస్తుంది, రాయడానికి ఒక్క ఫోల్డరు ఉంది, ఇంటర్నెట్ లేదు. కెర్నల్ పోర్టులు ఆ యంత్రం దాటి బయటకు తెరుచుకోవు. కెర్నల్‌కు తగులుకోవడానికి వాడే కనెక్షన్ ఫైలులో ఉండే రహస్య కీ తాళంచెవితో సమానం, దాన్ని కోడ్ పంచుకునే రిపాజిటరీలో పెట్టకూడదు. ఇక ప్రజలకు సేవలందిస్తున్న సర్వర్ మీద నడిచే ప్రాసెస్‌కు ఏజెంటును తగిలించడం గురించి కొందరు ఉత్సాహంగా చెబుతుంటారు. డీప్ స్పేస్ 1 కథ నాకెంత ఇష్టమైనా దానికి నేను ఒప్పుకోను. అక్కడ భూమి మీద అదే వ్యవస్థ ప్రతిని ఎదురుగా పెట్టుకుని, ఏ మాట పంపాలో కలిసి తర్కించుకునే బృందం ఉంది. ఆ సర్వర్‌కు బదులు దాని ప్రతిని ఇవ్వండి, అందులో ఏజెంటు ఏం చేసినా చేయనివ్వండి.

ఇంకా తేలని చిక్కు ఒకటుంది. మా కెర్నల్ ఒకసారికి ఒక్క పనే చేస్తుంది. ఏజెంటు పెద్ద లెక్క మొదలుపెడితే, ఆ వేరియబుల్ పరిమాణమెంత అన్న నా చిన్న ప్రశ్న కూడా వరుసలో నిలబడాలి. ఇప్పటికి బరువైన లెక్కలను వేరే ప్రాసెస్‌కు పంపి, ఫలితాన్ని ఫైలులో పెట్టించి, అది సిద్ధమయ్యాక కెర్నల్‌లోకి తెస్తున్నాం. ఏజెంటుకు ఈ పద్ధతి బాగానే వంటబట్టింది. ఈలోగా చిన్న ప్రశ్నలు ఆగవు.

తరువాతి పని శబరి. అది భద్రాచలం దిగువన కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తుంది. శబరి పొంగి ఉన్నప్పుడు గోదావరి నీరు కిందికి త్వరగా జారదు, ఎగువన భద్రాచలం దగ్గర మట్టం నిలిచిపోతుందని ఇంజినీరు గారు ఎప్పటి నుంచో చెబుతున్నారు. వానకూ మట్టానికీ వ్యవధి లెక్కించే మా పాత పద్ధతి దీనికి చాలదు, ఎందుకంటే ఇక్కడ ప్రభావం దిగువ నుంచి పైకి వస్తుంది. ఏయే సంవత్సరాల్లో రెండు నదులూ ఒకేసారి పొంగాయో ముందు జాబితా తీయాలి. శబరి సరిహద్దును ఈ వారమే కెర్నల్‌లోకి ఎక్కించాను. ఏజెంటు అడిగిన మొదటి ప్రశ్న, ఆ సరిహద్దులో ఎన్ని గళ్లు సగం లోపల, సగం బయట ఉన్నాయని.